పక్కింటి వంతు

"నానే కొట్టినాను. ఇంకెవులూ నేరు. కోపంలో కొట్టీసినాను."

టెక్కలి సబ్‌జైల్లో బల్లకి అటువైపు కూర్చున్న యువరాజు ఈ మూడు ముక్కలూ మూడోసారి చెప్పాడు. ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. ఇటువైపు కూర్చున్న ప్రమోదిని పెన్నుకి మూత పెట్టేసింది.

ప్రమోదిని లాయరు కాదు, పోలీసూ కాదు. లాయరుని పెట్టుకునే దిక్కులేక జైల్లో పడ్డవాళ్ల దగ్గరికి అందరికంటే ముందు వెళ్లి, కూర్చోబెట్టి, అసలేం జరిగిందో రాబట్టి, సర్కారు ఇచ్చే లాయరుకి అప్పజెప్పడం ఆమె ఉద్యోగం. న్యాయ సేవా కమిటీలో చేరి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లలో ఒకటి మాత్రం బాగా వంటబట్టింది. జరిగింది చెప్పేవాడు తడుముకుంటాడు, మరిచిపోతాడు, మళ్లీ దిద్దుకుంటాడు. నేర్పించింది చెప్పేవాడికి ఆ బాధ ఉండదు.

కేసు చూస్తే చిన్నదే. బారువకి దిగువన చినఇసకపాలెం అని బెస్తల ఊరు. ఊరిని ఆనుకుని ఒక జీడితోట. తోట కంచె వలలు ఆరేసుకునే ఇసక మీదికి జరిగిందని ఊరికీ, తోట కాపలావాడు సోములికీ కొన్నాళ్లుగా తగువు. రెండు వారాల కిందట ఒక పొద్దున్న సోములు తోటలో పాక ముందు చచ్చిపడి ఉన్నాడు. తల పగిలింది. జీడిపిక్కలు కాల్చే రేకుడ్రమ్ము ఇంకా వేడిగానే పక్కన తిరగబడి ఉంది. ఆ సాయంత్రమే యువరాజు తన కాళ్లతో తను స్టేషనుకి నడిచివెళ్లి ఒప్పుకున్నాడు. వెతకబోయిన తీగ కాలికి తగిలితే పోలీసులు ఇంకెక్కడ వెతుకుతారు?

రేపు పదింటికి అతన్ని కోర్టులో నిలబెడతారు. ఈ మూడు ముక్కలూ అక్కడ మేజిస్ట్రేటు ముందు చెప్పాడా, ఇక అయిపోయినట్టే. ఇరవై రెండేళ్ల కుర్రాడు తల నెరిశాక బయటికొస్తాడు. ప్రమోదినికి ఈ పూటా, ఈ రాత్రీ తప్ప వ్యవధి లేదు.

కొట్టిన సంగతి వదిలేసి ఆ రోజు ఏం తిన్నావని అడిగింది. ఇలాంటి ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు, అందుకని జవాబు నేర్పి ఉండరు.

"గంజి తాగినాను మేడం. బోటు దిగేసరికే ఎండెక్కిపోనాది. ఆ దినం కవళ్ల సేపలు పడ్డాయి. వల దులిపేసరికి శానా ఆలీసమైపోనాది."

"మరి సోములుని కొట్టింది?"

"పొద్దున్నే."

"బోటులో ఉండే కొట్టావా?"

యువరాజు చేతులు బల్ల కిందికి లాక్కున్నాడు. ప్రమోదిని రెట్టించలేదు. చేతులు చూపించమంది. అరచేతులు మోకు లాగి లాగి కాయలు కాసి ఉన్నాయి గాని ఎక్కడా నల్ల మచ్చ లేదు. కాళ్లు చూసింది, అవీ శుభ్రంగానే ఉన్నాయి. ఉద్దానంలో పుట్టిన పసిపిల్లకైనా తెలుసు, కాలుతున్న పిక్కల్లోంచి సొన చిమ్మితే ఏమవుతుందో. పడ్డచోట పొక్కి, నల్లబడి, పొరలు పొరలుగా తోలు ఊడుతుంది. నెల్లాళ్లు దాచినా దాగదు. సోములు మొహం, మెడ అలాగే కాలి ఉన్నాయని కాగితాల్లో ఉంది. అతనితో కలబడ్డవాడి మీద ఒక్క చుక్కైనా పడకుండా ఎలా ఉంటుంది?

ఇక చివరి ప్రశ్న. ఇది ఆమె అందర్నీ అడుగుతుంది. జైల్లో ఉన్నవాడి ఇంటికి కబురు పంపాలంటే గుర్తు కావాలి గదా, అందుకని పక్కిల్లు ఎవరిదని అడుగుతుంది.

"మాకు ఉత్తరం పక్క పెద్ద పోలారావుగోరి ఇల్లు. దానికటు కామేశ్వర్రావుది."

కామేశ్వరరావు. ఆ పేరు వినగానే ప్రమోదిని వెన్ను నిటారుగా అయింది. నిరుటేడు ఇదే బల్ల దగ్గర ఇదే ఊరి కామేశ్వరరావుని కూర్చోబెట్టి అడిగింది. సముద్రంలో పొరుగూరి వలలు కోసిన కేసు. వాడూ ఇవే మూడు ముక్కలు చెప్పాడు. నానే, ఇంకెవులూ నేరు, కోపంలో. అంతకు ముందేడు నారాయణరావని ఇంకొకడు. అదీ కొట్లాట కేసే, వాడివీ అవే మాటలు. వాడి పక్కిల్లు ఎవరిదని అడిగితే కామేశ్వరరావుదన్నాడు. ఉత్తరం కొసనుంచి గుమ్మం తరవాత గుమ్మం. ఓరి నాయనో, కేసులు కూడా వంతులేసుకుంటున్నారన్న మాట ఈ జనం.

ఆ ఊళ్లో ఏ తగువైనా ఊరి తగువే. ఎవడు కొట్టినా, వంతు ఎవరింటిదైతే ఆ ఇంటి మగాడు వెళ్లి ఒప్పుకుంటాడు. పది పదిహేను రోజులుండి బెయిలు మీద వస్తాడు. చిన్నా చితకా కేసుల్లో చెల్లిపోయింది. ఇది హత్య.

"తమ్ముడూ, ఇది ఎవరింటి వంతు?" అంది నెమ్మదిగా.

యువరాజు తల ఎత్తాడు.

"కామేశ్వరరావు తరవాత గుమ్మం మీది కాదు. మధ్యలో పోలారావుగారిది దాటిపోయింది," అంది ప్రమోదిని.

"మీరెలిపొండి మేడం. కట్టు తప్పితే ఊర్లో మా యమ్మకి మంచినీలు పుట్టవు."

"నువ్వు స్టేషనుకి వెళ్లేటప్పటికి సోములు చచ్చిపోయాడని తెలుసా?"

యువరాజు గోడకేసి తిరిగి, ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పారని అన్నాడు. ఎవరు చెప్పారంటే మాత్రం మళ్లీ నోరు విప్పలేదు.

*

జైలు గేటు దగ్గర తారకేశ్వరరావు ఎదురుపడ్డాడు. టెక్కలి బారులో పేరున్న లాయరు. ప్రమోదిని ఉద్యోగమంటే ఆయనకి మొదట్నుంచీ చిన్నచూపు. నల్లకోటు లేకుండా ఖైదీలతో మాట్లాడేవాళ్లని ఆయన కాంపౌండర్లంటాడు. ఆయన వెనక తెల్లపంచె కట్టుకుని, పెద్ద తువ్వాలు కుడి భుజం మీంచి కిందిదాకా వేసుకుని అరవై దాటిన మనిషి నిలబడ్డాడు. అతనే పెద్ద పోలారావు, చినఇసకపాలెం కులపెద్ద.

గేటు పక్కనే గోడనానుకుని కూర్చున్న యువరాజు తల్లి ముసలమ్మ అతన్ని చూసి లేచింది. పోలారావు అరటిపళ్ల అత్తం ఆమెకిచ్చి లోపలికి పంపమన్నాడు. ఇచ్చింది ఎడమచేత్తో. ముసలమ్మ అందుకోడానికి ఒక క్షణం వెనకాడింది. పెద్దరికం ముదిరితే మర్యాద ఎడమచేతికి పోతుంది కాబోలనుకుంది ప్రమోదిని.

"మీకు శ్రమ తప్పిందమ్మా," అన్నాడు తారకేశ్వరరావు. "ఈ కుర్రాడి వకాల్తా నాది. సొంత లాయరున్నవాడికి మీ ఉచిత సేవ వర్తించదు."

"వకాల్తా మీద సంతకం పెట్టాడా?"

"ఇప్పుడు పెడతాడు."

"పెట్టేదాకా నా దగ్గరే ఉన్నాడండీ. ఇంతకీ మిమ్మల్ని పిలిచిందెవరు? వాళ్లమ్మ ఇక్కడే ఉంది, ఆవిడకి మీ పేరు కూడా తెలీదు."

తారకేశ్వరరావు నవ్వాడు. ఊరు పిలిచిందన్నాడు. రేపు ఒప్పుకోలు ఇప్పిస్తే క్షణికావేశంలో జరిగిందని వాదించి ఏడేళ్లకి దింపుతానన్నాడు. ఏడేళ్లూ ఆయనకి చాలా తేలిగ్గా వచ్చాయి నోట్లోంచి.

"చెయ్యని పనికి ఏడేళ్లెందుకండీ? ఆ పొద్దున్న ఇతను బోటులో ఉన్నాడు."

"ఎవరు చెబుతారు ఆ మాట? సాక్షి ఉన్నాడా? బోటు మీదున్న మిగతా నలుగురిలో ఒక్కణ్ణి తీసుకురండి, నేనే వకాల్తా చింపేస్తాను." వెనక్కి తిరిగి, "ఏం పెద్దా, వస్తారా ఎవరైనా?" అన్నాడు.

పోలారావు ప్రమోదినిని పైనుంచి కిందికి చూసి, ఊరి మాట ఊర్లోనే ఉంటదన్నాడు. ఆ మాట అన్న తీరుకి ఆమె ఒళ్లు మండిపోయింది. అయినా పైకి ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి యువరాజుతో ఒక్కటే చెప్పింది. రేపు పదిదాకా ఏ కాగితం మీదా వేలు పెట్టొద్దు, మీ అమ్మమీద ఒట్టు. బయటికొచ్చి ముసలమ్మ చెయ్యి పట్టుకుని బారువ బస్సెక్కించింది.

బస్సు సోంపేట దాటాక, ఇది పదిహేను రోజుల కేసు కాదమ్మా, రేపు వాడు ఒప్పుకుంటే నువ్వు పోయినప్పుడు తలకొరివి పెట్టడానికి కూడా రాలేడని ప్రమోదిని ఉన్నదున్నట్టు చెప్పేసింది. కటువుగానే చెప్పింది, ఇంక నాన్చడానికి వేళ లేదు. ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తరవాత ఒక్కొక్కటే బయటపెట్టింది.

వంతు పోలారావు ఇంటిదే. వెళ్లవలసినవాడు అతని కొడుకు తిరుపతిరావు. కొడుక్కి టైఫాయిడ్ జ్వరమని, ఈసారికి వంతు మార్చుకోమని పోలారావు తనే వచ్చి అడిగాడు. మీ వంతొచ్చినప్పుడు మావాడు పోతాడన్నాడు. సోములుకి దెబ్బ తగిలిందని, పోలీసులు ఎత్తుకుపోయింది ఆసుపత్రికేనని చెప్పాడు. జ్వరాలకీ పురుళ్లకీ వంతు మార్చుకోవడం ఊర్లో మామూలే. జైల్లో ఉన్నవాడి చేపల వాటా రోజూ వాడి ఇంటికి వస్తుంది. ఆ వాటా అందుకుంటే వంతుకి ఒప్పుకున్నట్టే. ముసలమ్మ రెండు వారాలుగా అందుకుంటోంది.

"తిరుపతిరావుని జ్వరంతో చూశావా?"

"నేదమ్మా. గది తలుపు తియ్యరు. అంటుకుంటాదని ఎవుల్నీ రానివ్వరు."

*

ముందు తోటలోకే వెళ్లారు. పోలీసుల తాడు తెగి కంచెకి వేలాడుతోంది. పాక ముందు రేకుడ్రమ్ము ఇంకా బోర్లా పడే ఉంది. ఇసక మీద సొన ఒలికిన మేర నల్లగా గడ్డకట్టింది. సోములు పడ్డచోటు డ్రమ్ముకి ఎడమపక్క. కొట్టినవాడు కుడిపక్క నిలబడి ఉండాలి, ఎందుకంటే డ్రమ్ము అటే ఒరిగింది.

ప్రమోదిని పాక చుట్టూ తిరిగి ఊరివైపు దిగే తడిక దాకా నడిచింది. తడిక గుంజకి ఈమధ్యే సున్నం కొట్టారు. ఆ తెలుపు మీద, మనిషి భుజమంత ఎత్తున, నల్లటి మరక. నాలుగు వేళ్లు, బొటనవేలు. కాలిన చేత్తో తడిక తోసుకుంటూ పరిగెత్తినవాడి గుర్తు. రెండు వానలు కురిసినా పోలేదు, సొన మరక వానకి పోదు. ప్రమోదిని తన అరచెయ్యి దాని పక్కన పెట్టి చూసింది. కుడిచెయ్యి. పోలీసులు ఈ తడికలోంచే వచ్చీ పోయీ ఉంటారు. ఒప్పుకున్నవాడు చేతిలో ఉన్నాక గుంజల వంక ఎవడు చూస్తాడు?

"కుడిసెయ్యి కాలినోడు మోకు పట్టనేడు," అంది ముసలమ్మ.

"అవునమ్మా. పద, బోటు వచ్చే వేళయింది."

వాళ్లు ఒడ్డుకి చేరేసరికి యువరాజు పనిచేసే బోటు అప్పుడే ఇసక మీదికి లాగారు. బోటు వాటా, వల వాటా తీసేసి మిగిలిన చేపలు మనిషికొక కుప్ప పోస్తున్నారు. మామూలుగా కుప్పలు పోసేది పెద్ద. ఈవేళ పోలారావు పక్కన నిలబడి నోటితో చెబుతున్నాడు, కామేశ్వరరావు పోస్తున్నాడు. లాయరు కారులో ముందే వచ్చేసినట్టున్నాడు పోలారావు. కుప్పలు ఆరు, మనుషులు నలుగురు. ఒక కుప్ప యువరాజుది. ఇంకొకటి తీసుకోడానికి తిరుపతిరావు పెళ్లాం నాగమణి గంప పట్టుకుని నిలబడింది.

ప్రమోదిని లెక్క కుదిరిపోయింది. చెయ్యి కాలినవాడు మోకు పట్టలేడు. రెండు వారాలుగా బోటెక్కనివాడు ఒక్కడే ఉన్నాడు. అందరూ వినేలా చెప్పడం మొదలుపెట్టింది. సోములు ఆసుపత్రిలో చావలేదని, యువరాజు స్టేషనుకి వెళ్లేటప్పటికే శవమయ్యాడని, అది తెలిసే వంతు మార్చారని చెప్పింది. మీ ఆచారంతో నాకు పేచీ లేదంది. ఈ ఒక్కసారీ వంతు సరిగ్గా చేసినవాడి గుమ్మంలోకే వచ్చిందని, ఈ ఒక్కసారే దాన్ని పక్కింటికి తోసేశారని అంది.

బోటు మనుషులు చేపల మీంచి చేతులు తీసేశారు. హత్య సంగతికి వాళ్లు అంతగా ఉలికిపడలేదు. పెద్ద ఇల్లు వంతు ఎగ్గొట్టిందన్న మాటకే మొహాలు మారిపోయాయి.

"జొరంతో ఉన్న గుంటడి మీద నిందలేత్తావేటి?" అన్నాడు పోలారావు.

"అయితే ఒక్కసారి బయటికి రమ్మనండి పెద్దా. కుడిచెయ్యి చూపిస్తే చాలు. మచ్చ లేకపోతే నేను ఊళ్లో అందరి కాళ్లూ పట్టుకుని క్షమాపణ చెప్పుకుంటాను."

పోలారావు ఏ కళనున్నాడో, వెంటనే సరేనన్నాడు. నాగమణి పరుగున ఇంట్లోకి వెళ్లి మొగుణ్ణి తీసుకొచ్చింది. తిరుపతిరావు గడ్డం పెరిగి, ఎండకి కళ్లు చికిలిస్తూ నిలబడ్డాడు. ఎవరూ అడక్కుండానే రెండు చేతులూ ముందుకి చాపాడు.

రెండూ శుభ్రంగా ఉన్నాయి. గోరంత మచ్చ లేదు.

ప్రమోదిని ఆరేళ్ల ఉద్యోగంలో ఇంత ధీమాగా ఎప్పుడూ లేదు, ఇంత బాగా ఎప్పుడూ పప్పులో కాలెయ్యలేదు. రేపు పదింటికి ఆ కుర్రాడి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

"సూసినావా మేడం," అన్నాడు పోలారావు చల్లగా. "మర్యాదగా బస్సెక్కు. ముసలమ్మా, నీ వాటా తీసుకో."

ముసలమ్మ వంగి కొడుకు కుప్పలోని చేపలన్నీ గంపలోకి ఎత్తుకుంది. ప్రమోదిని తల తిప్పేసుకుంది, ఆ వాటా తీసుకోవడం చూడలేక. కానీ ముసలమ్మ ఇంటివైపు వెళ్లలేదు. గంప ఎత్తుకుని తిన్నగా పోలారావు ఎదట నిలబడింది. ఆమె అతని కొడుకు వంక చూడనే లేదు.

"బావా, పొద్దున్న జైలు కాడ నా బిడ్డకి పళ్లు ఎడం సేత్తో ఇచ్చినావు. పెద్దోడివి, ఏదో పరాకు అనుకున్నాను."

పోలారావు తువ్వాలు సర్దుకున్నాడు.

"ఈ వాటా నాకొద్దు. నా వంతు కాదిది, నీ ఇంటిది. నీ వాటా నువ్వు అందుకో." గంప ముందుకి చాపింది. "కుడిసేత్తో అందుకో బావా."

వాటా తిరిగిస్తే పెద్ద కుడిచేత్తో అందుకోవాలి. అది ఆ ఊళ్లో అందరికీ తెలిసిన కట్టే, ఆ కట్టు కాసేవాడు అతనే. గంప బరువుగా ఉన్నా ముసలమ్మ దించలేదు. పోలారావు ఎడమచెయ్యి సగం లేచి ఆగిపోయింది. తువ్వాలు కింద రెండోది కదల్లేదు.

ముందుకొచ్చింది తిరుపతిరావు. రెండు వారాలుగా జ్వరం లేకుండా గదిలో మూలిగినవాడు, తండ్రి కళ్లలోకి చూడకుండా తువ్వాలు కొస పట్టుకుని లాగేశాడు.

మణికట్టు దాకా నల్లబడి, పొరలు ఊడి, కింద లేత ఎర్రటి తోలు కనబడుతోంది. కామేశ్వరరావు చేతిలో చేపని ఇసక మీద పడేసి, తను నిరుడు ఉండొచ్చిన జైలు గుర్తొచ్చినట్టుగా పోలారావుని చూశాడు.

"కంచె తగువే," అన్నాడు పోలారావు, ఎవరితోనో తెలీకుండా. "ఊరి కోసవే ఎల్లినాను."

"ఊరి కోసం ఎల్లినోడివి, ఊరికి సెప్పకుండా ఏల దాసినావు?" అన్నాడు కామేశ్వరరావు. తరవాత ప్రమోదిని వైపు తిరిగాడు. "మేడం, యువరాజు ఆ పొద్దున్న నాతోనే ఉన్నాడు, నా పక్కనే వల దులిపినాడు. రేపు టెక్కలి మొదటి బస్సుకి ఒచ్చీసి ఆ మాట జడ్జీగోరికి నాను సెప్తాను."

మిగతా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, తామూ వస్తామన్నారు. ముసలమ్మ గంపని పోలారావు కాళ్ల దగ్గర దించింది. వట్టి చేతులు చీరకి తుడుచుకుంటూ, రేపు కొడుక్కి కట్టుకోడానికి పొడి లుంగీ తేవడానికి ఇంటికి నడిచింది.